పంటి అచ్చు

ఆవిడ మొదటిసారి వచ్చినప్పుడు నేను మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. సెలవు రోజు, మిట్టమధ్యాహ్నం. అత్తయ్య పక్కింట్లో కబుర్లకు కూర్చుంది. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎక్కడో రెండు అంతస్తుల మధ్య ఎవరో ఇరుక్కుపోయారని ఫోనొస్తే పరిగెత్తాడు. ఇంట్లో నేనూ, కడుపులో అప్పుడప్పుడే మెసలడం నేర్చుకుంటున్న బిడ్డా తప్ప ఇంకెవరూ లేరు. అప్పుడు వంటింట్లోంచి నమిలే చప్పుడు వినబడింది.

పిల్లి అనుకున్నాను. పిల్లి అలా నమలదు. తొందరతొందరగా, ఊపిరి తీసుకోకుండా, వెనకనుంచి ఎవరైనా లాక్కుంటారేమోనన్న భయంతో మనిషి నమిలే చప్పుడది. "ఎవరది?" అన్నాను. ఆగలేదు. దుప్పటి మడత సగంలో ఉంది. లేచి చూడాలని ఉంది, కాళ్ళు రావడం లేదు. ఆ తర్వాత నాకు తెలిసింది, నేను వంటింటి గట్టు ముందు నిలబడి ఉన్నానని. బ్రెడ్డు కవరు ఖాళీ. జామ్ సీసా ఖాళీ. నా వేళ్ళు జిగటగా ఉన్నాయి, దవడలు పీకుతున్నాయి, జాకెట్టు మీదంతా బ్రెడ్డు పొడి. వంటింట్లో ఇంకెవరూ లేరు. చప్పుడు మాత్రం ఆగిపోయింది.

నేనేం పిచ్చిదాన్ని కాను. తిన్నది నా నోరేనని నాకు తెలుసు. కానీ తినాలని నేను అనుకోలేదు. ఆకలి లేదు, తిన్నదాని రుచి తెలియలేదు, కడుపు నిండి నొప్పెట్టినా చెయ్యి ఆగలేదు. నేను అనుకోని పని నా చేతులు చేస్తుంటే, ఆ చేయించేదానికి ఏదో ఒక పేరు పెట్టుకోవాలి కదా. 'ఆవిడ' అని పెట్టుకున్నాను, మర్యాదగా. పిలవని చుట్టానికి మర్యాద ఎక్కువ చేస్తే మొహమాటపడి వెళ్ళిపోతుందని మా అమ్మ అనేది. ఈవిడకి మొహమాటం లేదు. వారం తిరగకుండా మళ్ళీ వచ్చింది. తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు, ఇంట్లో నేను ఒంటరిగా ఉంటే చాలు, వచ్చేది.

వచ్చి వెళ్ళిన ప్రతిసారీ నాకు నా మీదే అసహ్యం వేసేది. ఒక్కోసారి ఏడ్చేదాన్ని. ఏడుపు అయ్యాక మాత్రం చాలా పద్ధతిగా పని మొదలుపెట్టేదాన్ని. ఎందుకంటే నా వృత్తే నకళ్ళు చేయడం.

దుకాణాల అద్దాల వెనక నెలల తరబడి నవనవలాడే పండ్లు, కేకులు, బిస్కెట్లు చూసే ఉంటారు. ఎండకి వాడవు, ఈగ వాలదు. అవి మాలాంటివాళ్ళు మైనంతో చేసినవే. అసలు పండుకి రబ్బరు అచ్చు తీసి, అందులో మైనం పోసి, రంగులు వేసి, చూసినవాడికి నోరూరేలా చేస్తాం. అచ్చులు తీసేది నేను. అందుకని అత్తయ్య సగం వాడిన బ్రెడ్డు లాంటి బ్రెడ్డు తయారుచేయడం నాకో లెక్క కాదు. కొత్తది కొని, సరిగ్గా అత్తయ్య కోసిన చోటికే కోసి, కవరుకి ఆమె పెట్టే మెలికే పెట్టేదాన్ని. కొత్త జామ్ సీసాలోంచి పాత మట్టానికి తగ్గించేదాన్ని, మూత అంచున ఎండిన మరక కూడా పెట్టేదాన్ని. తీసేసిన బ్రెడ్డూ జామూ ఏమయ్యేవంటారా? వాటి కోసమే ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండేది.

అత్తయ్యకి అనుమానం రాలేదు. ఆమె బాధంతా నేను తినడం లేదని. నలుగురిలో కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు.

"ఇద్దరి తిండి తినాలే అమ్మాయ్! ఆ కంచంలో ఏముంది, దిష్టికి పెట్టినట్టు?" అనేది.

"చాలత్తయ్యా."

"ఏంటి చాలు? వీడు కడుపులో ఉన్నప్పుడు నేను రాళ్ళు పెట్టినా అరిగించుకున్నా."

"అందుకే నా తల ఇలా ఉంది" అని మా ఆయన తన గట్టి తల మీద కొట్టుకుని చూపించేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నవ్వితే నా ముందు పన్ను కనిపిస్తుంది, దాని మూల విరిగి ఉంటుంది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాను. ఆ పంటితోనే దారాలు తెంపుతాను కనక ఆయన నన్ను 'కత్తెర' అని పిలుస్తాడు. ఆ నవ్వుల్లో చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చేది. చెప్తే ఏమంటారు? తిండిపోతు అంటారు. మామూలు మనిషి తిండిపోతయితే తిడతారు. కడుపుతో ఉన్నది తిండిపోతయితే ముద్దుచేసి ఇంకో గరిటె వడ్డిస్తారు. ఆ గరిటె నాకు వద్దు.

నెలనెలా ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళం. అక్కడి నర్సమ్మ బొద్దుగా, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఉంటుంది. ఆ నెల నన్ను కాటా ఎక్కించి, కిందకి దించి, మళ్ళీ ఎక్కించింది.

"ఆకలెలా ఉందమ్మా?"

"మామూలేనండి."

"మరీ ఎక్కువేం తినట్లేదు కదా?"

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అందుకుంది. "ఎక్కడి ఎక్కువమ్మా! పిచ్చుక తిన్నట్టు తింటుంది."

"పిచ్చుక తిండికి ఇంత బరువు రాదండీ" అంది నర్సమ్మ. రక్తంలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందనీ, బిడ్డ నెలలకి మించి పెరుగుతోందనీ, అది మంచిది కాదనీ చెప్పింది. అత్తయ్యకి 'మించి పెరుగుతోంది' అన్నంతవరకే వినబడినట్టుంది, మొహం వెలిగిపోయింది. నర్సమ్మ కళ్ళజోడు మీంచి నన్నే చూసింది. "ఏదన్నా ఉంటే చెప్పమ్మా. నువ్వొక్కదానివే వచ్చి చెప్పినా సరే" అంది. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ఇంటికొచ్చే దారిలో ఒక్క మాట చెప్పుకుని ధైర్యం తెచ్చుకున్నాను. ఎంతయినా ఆవిడ తినేది తిండే. బ్రెడ్డు, బిస్కెట్లు, పంచదార, నిన్నటి అన్నం. విషమేం కాదు కదా. బిడ్డకే పోతుంది. ఆ మాట పట్టుకునే తర్వాతి రోజులన్నీ గడిపాను.

మా పనిచోటు పెద్దదేం కాదు. రోడ్డు మీదికి ఒక గది, అందులో మైనం కరిగించే పొయ్యి, అచ్చుల బల్ల. దాని వెనక ఆరబెట్టే గది. వెనకాల చిన్న పెరడు, కుళాయి. పని నేర్పిన మేష్టారు, రంగులు వేసే అక్క, నేను. అంతే మనుషులం. మేష్టారికి జోకులంటే ప్రాణం, మైనం వృథా చేస్తే మాత్రం ప్రాణం పోతుంది. రంగులక్క నోరు పెద్దది, మనసు కూడా. నాకు నెల తప్పిందని తెలిసిన రోజునే ఆమె పసుపు రంగు డబ్బా ఒకటి తీసి పై అరలో పెట్టి తాళం వేసింది. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. "దీన్ని నువ్వు ముట్టుకోడానికి వీల్లేదు. నా పని అయ్యాక కుంచె కూడా కడగకు" అంది.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. నకలు పూర్తయ్యాక, అసలునీ నకలునీ ఒకే పళ్ళెంలో పెట్టి, గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్ళని పిలిచి ఏది నకలో చెప్పమంటారు మేష్టారు. మోసపోతే సరుకు పంపిస్తాం. కనిపెడితే మళ్ళీ కరిగిస్తాం. మెరుపు తేడా తెలియకూడదని ఆ పరీక్షకి అసలు పండుకి కూడా కాస్త మైనం రుద్దుతాం. కలిసిపోకుండా అసలుదానికి అడుగున గుండుసూది గుచ్చుతాం. పరీక్ష అయ్యాక నకలు డబ్బాలోకి, అసలు తెల్ల పళ్ళెంలోకి. పని ముగించి వెళ్ళే ముందు ఆ పండుని కోసుకుని ముగ్గురం తింటాం.

ఆ రోజు చేసింది బేరిపండు. పైన సన్నగా, కింద పొట్ట దిగి, కాస్త ఒక పక్కకి ఒరిగి, అచ్చం నాలాగే ఉంది. అక్క దానికి పసుపు మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద గోధుమరంగు చుక్కలు వేసింది. పరీక్షకి వచ్చిన పోస్టుమాన్ తప్పు చెప్పాడు. మంచినీళ్ళ డబ్బాలవాడు తప్పు చెప్పాడు. చివరికి మేష్టారే కళ్ళు చికిలించుకుని తప్పు చూపించారు. "అమ్మాయ్, ఇక నేను రిటైరవుతా" అన్నారు. ఆ సంబరంలో ఒకటి తీసి ఊకలో పెట్టి డబ్బా మూసేశాను, రెండోదాన్ని తెల్ల పళ్ళెంలో ఆరబెట్టే గదిలో ఉంచాను. అడుగున సూది ఉందో లేదో చూడలేదు. అసలు ఆ పొద్దున సూది గుచ్చడమే మర్చిపోయానని అప్పుడు నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ భోజనానికి పెరట్లో కూర్చున్నారు. నేను అచ్చు శుభ్రం చేస్తున్నాను. ఆరబెట్టే గదిలోంచి నమిలే చప్పుడు వచ్చింది. చేతిలో అచ్చు బల్ల మీద పెట్టేశాను. అప్పటిదాకా ఆవిడ ఇంటికే వచ్చేది. ఏదేమైనా పనిచోటు నాది, అక్కడికి రాదు అనుకున్నాను. గుమ్మందాకా నడిచి తొంగి చూసినట్టు గుర్తు. ఆ తర్వాత గుర్తున్నది పెదాల మీద జిడ్డు, గొంతులో ఏదో అడ్డం. తెల్ల పళ్ళెం ఖాళీగా ఉంది. మిగిలినదాని వైపు చూడకుండా దాచేయడం నాకు అలవాటు. చేతికి దొరికిన గుడ్డలో చుట్టి పాత గుడ్డల బుట్ట అడుక్కి తోసేశాను. సాయంత్రం పండేదని అడిగితే ఆకలేసి తినేశానన్నాను. "తింటే తిన్నావులే, నువ్వు తింటే ఇద్దరికి" అంది అక్క.

వారం దాటాక ఒక పొద్దున దుకాణం యజమాని డబ్బా పట్టుకుని వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"మేష్టారూ, మైనం కుళ్ళుతుందా?"

"మైనం కుళ్ళడమేంటండీ?"

"మీరే చూడండి."

డబ్బా తీస్తే గుప్పున వాసన. లోపల బేరిపండు పొట్ట దిగజారి, నల్లబడి, పగిలిన చోట రసం కారుతోంది. పైన మైనం రుద్దిన మెరుపు మాత్రం చెక్కుచెదరలేదు. అద్దం వెనక ఎండకి ఉబ్బి పగిలిందట, ఈగలు ముసిరాయట, దుకాణానికొచ్చిన వాళ్ళు మైనానికి పురుగు పట్టిందని చూడ్డానికి గుంపులు కట్టారట. మేష్టారు దాన్ని తిప్పి చూశారు. ఒక్క క్షణం ఆగి పగలబడి నవ్వారు. "అయ్యో, అసలుదే పంపించేశాం! మీరు అద్దం వెనక పెట్టుకున్నది నిజం పండండీ. మనిషికి నిజం ఇస్తే కూడా తప్పేనా?" యజమాని నవ్వలేదు. కొత్తది వెంటనే చేసి ఇస్తామని మేష్టారు ఆయన్ని పంపించేశారు.

"అయితే మైనం పండు ఏదీ?" అంది రంగులక్క.

ఆ ప్రశ్న విన్నాక నాకు అర్థమైంది. తెల్ల పళ్ళెంలో మిగిలింది అసలు పండు కాదు.

వెతికారు. బల్ల కింద, అరల్లో, పొయ్యి వెనక. నేనూ వాళ్ళతోపాటు వెతుకుతున్నట్టు వంగాను. గుడ్డల బుట్ట బోర్లిస్తే ఒక మూట దొర్లి నేల మీద పడింది. అక్క విప్పింది. బేరిపండు. ఒక పక్కంతా లేదు. పైనుంచి పొట్టదాకా కొరికి ఉంది, ఒక చోట కాదు, చాలా చోట్ల. కొరికిన ముక్కలు మూటలో లేవు. బుట్టలో లేవు. నేల మీద లేవు.

"ఎలుక" అంది అక్క, నమ్మకం లేకుండా.

"ఎలుకకి ఇంత నోరుంటే మనల్ని తినేది" అన్నారు మేష్టారు. పండుని వెలుతురుకి పట్టుకున్నారు. "మనిషి పళ్ళు. చూడు ఎంత శుభ్రంగా పడ్డాయో."

"ఆకలి రుచెరగదంటారు గానీ, మరీ మైనమా!" అని అక్క నవ్వబోయి ఆగిపోయింది. "మేష్టారూ, ఇది నవ్వే పని కాదు. నేనేసింది ఆ పుర్రె డబ్బా పసుపు. ఎవడు తిన్నాడో వాడికి చెప్పాలి. ఆసుపత్రికి పంపాలి. నీళ్ళ డబ్బాలవాడా? వాడికి ఇంట్లో చిన్న పిల్లలున్నారు, వాళ్ళకేమన్నా పట్టుకెళ్ళి పెట్టాడేమో."

ఆ మాటకి నా చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనేమో. వాళ్ళు చూడలేదు. మేష్టారు పండుని నా బల్ల మీద పెట్టారు.

"పళ్ళ గుర్తులున్నాయి, మన దగ్గర అచ్చులమ్మాయి ఉంది. ఇంకేం కావాలి? అచ్చు తియ్యమ్మా. పన్ను చూస్తే మనిషి తెలిసిపోతాడు. పాపం, వాడి మంచికే."

మేష్టారు కొత్త బేరిపండు కొనడానికి బజారుకి వెళ్ళారు. రంగులక్క కుంచెలు పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది. పగటి వెలుతురు కిటికీలోంచి నేరుగా బల్ల మీద పడుతోంది. నా ముందు కొరికిన పండు.

చెడగొట్టవచ్చు. ప్లాస్టర్ పలచగా కలిపితే చాలు, బుడగలొచ్చి మొహం లేని ముద్ద తేలుతుంది. 'రాలేదు మేష్టారూ' అంటే నమ్ముతారు. అలాగే చేద్దామనుకున్నాను. కానీ ఇన్నేళ్ళ అలవాటు, నా చేతులకి పని చెడగొట్టడం రాలేదు. కొరికిన గుంటలకి సబ్బునీళ్ళు పూశాయి. చుట్టూ మట్టితో గోడ కట్టాయి. ప్లాస్టర్ సరైన పాకంలో కలిపి, సన్నగా పోసి, బుడగలు పైకి తేలేలా బల్లని మెల్లగా తట్టాయి.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అది దాని గుణం, నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు విడదీసి అరచేతిలో పెట్టుకున్నప్పుడు ఆ తెల్లటి పంటి వరస నోట్లోంచి అప్పుడే తీసినంత వెచ్చగా ఉంది. ముందు పన్ను మూల విరిగి ఉంది. నాలుకతో నా పన్ను తడుముకున్నాను. వేలితో దాన్ని తడిమాను. అదే వంపు, అదే గరుకు. ఇన్నాళ్ళూ మర్యాదగా 'ఆవిడ' అంటూ వచ్చిన మనిషికి నా పళ్ళున్నాయి.

భయపడ్డాను. మాటల్లో చెప్పలేనంత భయపడ్డాను. బిడ్డ పొద్దున్నుంచి కదిలిందా? గుర్తు తెచ్చుకోబోయాను. బస్సులో కదల్లేదు. వచ్చాక కదల్లేదు. కడుపు మీద చెయ్యి పెట్టి నొక్కాను. "ఏయ్" అన్నాను. లోపల ఏమీ లేదు, బరువు తప్ప.

అప్పుడే ఆరబెట్టే గదిలోంచి నమిలే చప్పుడు మొదలైంది.

తలుపు తెరిచే ఉంది. లోపల వరసగా వేలాడదీసిన మైనం అరటిపండ్లు, అరల మీద ఆపిల్‌లు. ఎవరూ లేరు. పెరట్లోంచి అక్క కూనిరాగం వినబడుతోంది, కనక అక్క కాదు. చప్పుడు మాత్రం దగ్గరగా, తొందరతొందరగా. సుత్తి బల్ల మీదే ఉంది. ఒక్క దెబ్బ కొడితే ఆ పళ్ళు పిండైపోతాయి. ఎవరికీ ఏమీ తెలియదు. మళ్ళీ రేపటికి బ్రెడ్డు కొనుక్కోవచ్చు, సగానికి కోసుకోవచ్చు. సుత్తి కోసం కుడి చెయ్యి చాపబోయాను. అది రాలేదు. ఎందుకు రాలేదా అని చూస్తే, ఆ చేతిలో బేరిపండు ఉంది. నా పెదాలకి ఆని ఉంది. నోరు నిండా మైనం, దవడ ఆడుతూనే ఉంది.

"అక్కా!" అని అరిచాను. నోట్లో ముద్దతో అది మనిషి కేకలా రాలేదు.

రంగులక్క తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, పండుని చూసింది, ప్లాస్టర్ పళ్ళని చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని, పాకే పిల్లల నోట్లోంచి మట్టి తీసినట్టు వేలు పెట్టి మైనం అంతా బయటికి లాగింది.

"ఉమ్మెయ్. ఇంకా ఉందా? నోరు తెరు. అంతా ఉమ్మెయ్."

ఉమ్మేశాను.

"ఎవరే? ఎవరు తిన్నారే ఇదంతా?"

"ఆవిడ" అన్నాను. అలవాటులో వచ్చేసింది.

"ఏ ఆవిడ?" అక్క చుట్టూ చూసింది. ఆరబెట్టే గది వైపు కూడా చూసింది. "ఇక్కడెవరున్నారే?"

ఎవరూ లేరు. ప్లాస్టర్ పళ్ళు తీసి నా నోటికి ఆనించుకుని చూపించాను. విరిగిన మూలకి విరిగిన మూల సరిపోయింది.

"ఎవరూ లేరక్కా. నేనే. ఇంట్లో కూడా నేనే. బిడ్డ కదలట్లేదక్కా" అన్నాను.

ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి కడుపు మీద యంత్రం ఆనించింది. ఒకచోట ఏమీ వినబడలేదు. ఇంకోచోట జరిపింది. అక్కడా లేదు. అక్క నా చెయ్యి పిసుకుతోంది. మూడోచోట గది నిండా గుండె చప్పుడు మోగింది, చిన్నది, తొందరది, కోపంగా ఉన్నట్టు. "నిద్రలో ఉన్నట్టున్నాడమ్మా మహానుభావుడు" అంది నర్సమ్మ. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుపు ఆగాక సంచిలోంచి పంటి అచ్చు తీసి ఆమె బల్ల మీద పెట్టాను.

"ఇదేంటమ్మా?"

"పోయిన నెల మీరు అడిగారు కదండీ, ఎక్కువ తింటున్నావా అని. పిచ్చుక కాదండి. ఇదీ."

మొత్తం చెప్పాను. బ్రెడ్డు, జామ్, చప్పుడు, మైనం, పసుపు. నర్సమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా 'అయ్యో' అనలేదు. "దీన్ని తిండిపోతుతనం అనరమ్మా. ఇది జబ్బు. కడుపుతో ఉన్నప్పుడు మొదలయ్యేవాళ్ళూ ఉంటారు. సిగ్గుతో చెప్పరు, అంతే" అంది. డాక్టరు వచ్చి మైనం అరగదనీ, అలాగే బయటికి పోయి ఉంటుందనీ, రంగు సంగతి మాత్రం రక్తం చూస్తేగానీ చెప్పలేననీ అన్నారు. ఆ ఫలితం వచ్చేదాకా నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. హద్దు లోపలే ఉందన్నారు. మళ్ళీ చూస్తామన్నారు. చక్కెర మాత్రం హద్దు దాటింది, దానికి వేరే వైద్యం. మనసుకి చూసే డాక్టరమ్మ దగ్గరికి వారానికోసారి రమ్మన్నారు. వేళకి తినాలి, ఒంటరిగా తినకూడదు, ఇంట్లో ఎవరూ 'ఇంకొంచెం' అనకూడదు.

మా ఆయన అంతా విన్నాడు. లేచి వచ్చి నా పక్కన కూర్చుని, "నేను ఊళ్ళో వాళ్ళందర్నీ లిఫ్టు పెట్టెల్లోంచి బయటికి లాగుతున్నా. కత్తెరా, నువ్వు ఇంట్లోనే ఇరుక్కుపోతే ఒక్క కేక వెయ్యలేకపోయావా?" అన్నాడు. అత్తయ్యకి ముందు కోపం వచ్చింది. "అంటే నేను ఇన్నాళ్ళూ తిన్నది నువ్వు కోసిన బ్రెడ్డా? నా మెలిక నాకే పెట్టావా?" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి అరలన్నీ తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూసింది. బయటికొచ్చినప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తినవే తినవే అని నీ ప్రాణం తీశాను కదే" అంది.

మర్నాడు పొద్దున అత్తయ్య నా ముందు కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. కాల్చిన బ్రెడ్డు, ఉడికించిన గుడ్డు. 'ఇంకొంచెం' అనే మాట రాకుండా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. భయం కూడా వేసింది. ఆవిడ మళ్ళీ రాదని ఎవరూ మాటివ్వలేదు, నర్సమ్మ కూడా ఇవ్వలేదు.

బ్రెడ్డు కొరికాను. నమిలే చప్పుడు వినబడింది. చటుక్కున వంటింటి గుమ్మం వైపు చూశాను.

"ఏమైందే?" అంది అత్తయ్య.

"ఎవరో నములుతున్నారత్తయ్యా."

అత్తయ్య కూడా గుమ్మం వైపు చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. "నువ్వేనే తల్లీ" అంది మెల్లగా.

నమలడం ఆపాను. చప్పుడు ఆగింది. కాసేపు చూసి, మళ్ళీ నమిలాను. మళ్ళీ వినబడింది, నా చెవుల లోపల, నా పళ్ళ మధ్య. ఎన్నో నెలల తర్వాత బ్రెడ్డుకి కాస్త ఉప్పగా రుచి ఉందని తెలిసింది.